కార్తీక దీపం: దీప లేని ఆ కొన్ని నెలలు

స్టార్ మాలో 2017 అక్టోబర్ 16న మొదలై 2023 జనవరి 23న ముగిసిన కార్తీక దీపం మొత్తం 1569 ఎపిసోడ్లు. తెలుగు సీరియళ్ళలో నాకు దీనికి మించి ఇష్టమైనది లేదు. అందులో 2022 మార్చి తర్వాత వచ్చిన పెద్దయిన పిల్లల కథ మాత్రం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. జియోహాట్‌స్టార్‌లో ఈ మధ్య మొదటి నుంచి చూసేవాళ్ళు చాలామంది తగులుతున్నారు. వాళ్ళకి పనికొస్తుందని ఆ భాగం గురించే రాస్తున్నాను.

మాది విజయవాడ సత్యనారాయణపురంలో కర్రీ పాయింట్. సాయంత్రం ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా ఊపిరాడదు. సరిగ్గా ఆ మధ్యలో, ఏడున్నరకి, ఈ సీరియల్ వచ్చేది. ఫ్రిజ్ మీద చిన్న టీవీ పెట్టి నడిపేవాళ్ళం. దొండకాయ వేపుడు ఒకటి, పప్పుచారు ఒకటి అని చెప్పి, ప్యాకెట్లు చేతికిచ్చాక కూడా బ్రేక్ వచ్చేదాకా కదిలేవారు కాదు. ఆడవాళ్ళే అనుకోకండి. బ్యాంకు నుంచి ఇంటికి పోతూ ఆగే పెద్దాయన ఒకరు రోజూ వచ్చేవారు, రావడం రావడమే "మోనిత ఏం చేసిందమ్మా?" అనేవారు. మా అత్తయ్య కౌంటర్ వెనక స్టూల్ మీద కూర్చుని ముందురోజు కథంతా పూసగుచ్చినట్టు చెప్పేది.

అంతలా ఎందుకు చూశామంటే దీప కోసం. నల్లగా ఉందని పుట్టింటి నుంచే మాటలు పడ్డ పిల్ల. అందరూ డాక్టర్ బాబు అని పిలిచే కార్తీక్‌ని పెళ్ళి చేసుకుంది. కార్తీక్‌ని ఎలాగైనా దక్కించుకోవాలనుకున్న మోనిత ఆడిన అబద్ధం వల్ల తనకి పిల్లలు పుట్టరని నమ్మిన కార్తీక్, కడుపుతో ఉన్న భార్యని అనుమానించాడు. ఆ అమ్మాయి కాళ్ళమీద పడలేదు, బయటికి నడిచింది. వంట చేసి బిడ్డని పెంచింది. పుట్టింది కవలలైతే ఒక పాప దీప దగ్గర శౌర్యగా, ఇంకో పాప కార్తీక్ తల్లి సౌందర్యమ్మ చలవతో తండ్రి దగ్గరే హిమగా పెరిగారు. తన కూతుర్ని తన కూతురని తెలియకుండానే ఎత్తుకు తిరిగే తండ్రి, ఒక బిడ్డే ఉందనుకునే తల్లి. ఈ ఒక్క ముడి మీద ఏళ్ళ తరబడి కథ నడిచింది. సాగదీశారు, నిజమే. అయినా విసుగు రాలేదంటే ఆ ముడికి బలం ఉంది.

వంట చేసి బతికేదాన్ని కాబట్టి నేను ఒకటి గమనించాను. దీప ఎప్పుడూ జాలి కోరుకోలేదు. గిన్నె దించుతూ మాట్లాడుతుంది, కొంగు దోపుకుని మాట్లాడుతుంది, ఎదుటివాళ్ళు ఎంత మాటన్నా చేతిలో పని ఆపదు. దీపగా చేసిన ప్రేమి విశ్వనాథ్ మలయాళీ. ఈ కథకి మూలమైన మలయాళ సీరియల్ కరుత్తముత్తులో కూడా మొదట ఆవిడే చేసింది. గొంతు వేరేవాళ్ళది, మేకప్‌తో రంగు తగ్గించారు. ఆ కళ్ళు మాత్రం ఆవిడవే. కార్తీక్ అవమానించిన ప్రతిసారీ ఆ కళ్ళలో ఏడుపు కన్నా ముందు కోపం కనపడేది. మా ఇళ్ళలో ఆడవాళ్ళు అలాగే ఉంటారు, అందుకే ఆవిడ మాకు వంటలక్క అయింది.

కార్తీక్‌కి నిజం తెలిసి, దీపని ఇంటికి తెచ్చుకుని, పిల్లలిద్దరూ ఒక కంచంలో తినే రోజు వచ్చింది. ఇంక కాస్త సుఖపడతారు అనుకునేలోపు కారు లోయలో పడింది. అదీ చిన్నపిల్ల హిమ సరదాపడి స్టీరింగ్ పట్టుకుంటే. అమ్మానాన్నలు పోయారు, శౌర్య చెల్లెల్ని అసహ్యించుకుని ఇల్లు వదిలిపోయింది, కొన్నేళ్ళ తర్వాత అని చూపించారు. నాలుగేళ్ళకి పైగా ఎదురుచూసిన కాపురాన్ని కూతురి చేతే కూల్చారు. ఆ రాత్రి మా అత్తయ్య టీవీ కట్టేయమంది.

తర్వాత వచ్చినవాళ్ళు నలుగురు. హిమగా కీర్తి భట్, జ్వాల అని పేరు మార్చుకున్న శౌర్యగా అమూల్య గౌడ, డాక్టర్ నిరుపమ్‌గా మానస్, ప్రేమ్‌గా మనోజ్. వీళ్ళలో ఎవరినీ తప్పుపట్టను. కీర్తి చాలా నెమ్మదిగా, నిజాయితీగా చేసింది. అమూల్య ఆటో నడిపే పిల్లగా హుషారుగానే చేసింది. ఆ రోజుల్లో ఆ అమ్మాయిలని సోషల్ మీడియాలో తిట్టినవాళ్ళున్నారు, అది అన్యాయం. రాసిచ్చిన సీను వాళ్ళు చేశారు, అంతే. తేడా రాతలో ఉంది.

జ్వాలనే తీసుకోండి. చిన్న శౌర్య గడుసు పిల్ల. డాక్టర్ బాబు రౌడీ అని పిలిస్తే తిరిగి నాలుగంటించేది. మనం ముచ్చటపడ్డాం. ఎందుకు? పక్కనే దీప ఉంది. అమ్మ ఒక్క చూపు చూస్తే ఆ పిల్ల తగ్గేది, అమ్మని ఎవరైనా ఏమన్నా అంటే మాత్రం పులయ్యేది. ఆ గడుసుతనానికి ఒక కారణం, ఒక హద్దు ఉన్నాయి. పెద్దయ్యాక అదే గడుసుతనం మిగిల్చి, కారణాన్నీ హద్దునీ తీసేశారు. వచ్చీ రావడంతోనే దెబ్బలాట, అరుపు, డాక్టర్ సాబ్ అంటూ వెక్కిరింపు. ఇన్నేళ్ళు ఎలా బతికింది, రాత్రిళ్ళు అమ్మ గుర్తొస్తే ఏం చేసేది? అది చూపించలేదు. ఏళ్ళ తరబడి చంకలో పెట్టుకు పెంచినంత ప్రేమగా చూసిన పిల్ల మా ముందుకి పరాయి మనిషిలా వచ్చి నిలబడింది.

ఇంక హిమ. జ్వాలే తన అక్క శౌర్య అని హిమకి తెలుస్తుంది. చెప్పదు. అక్క నిరుపమ్‌ని ఇష్టపడుతోందని తన ఇష్టాన్ని దాచుకుంటుంది. నిరుపమ్‌కేమో హిమ అంటేనే ఇష్టం. ఆ ప్రేమ్‌కీ హిమ అంటేనే ఇష్టం. రోజూ చెప్పబోతుంది, ఫోన్ మోగుతుంది, ఎవరో వస్తారు, రేపటికి వాయిదా. దీప కూడా ఏళ్ళపాటు నోరు విప్పలేదు కదా అంటారేమో. దీప మౌనం వేరు. నమ్మని మొగుడికి రుజువులు చూపించి కాపురం అడుక్కోనన్న పౌరుషం అది. దానికి అందరం తలూపాం. హిమ మౌనానికి ఎపిసోడ్ గడవడం తప్ప ఇంకో కారణం నాకు కనపడలేదు. మా కౌంటర్ దగ్గర నిలబడ్డ కాలేజీ పిల్ల "ఆవిడ ఒక్క ముక్క చెప్తే అయిపోతుంది కదాంటీ" అని కవరు పట్టుకుని బ్రేక్ రాకముందే వెళ్ళిపోయింది. తర్వాత తర్వాత అందరూ అలాగే వెళ్ళిపోయారు.

ఇంకో సంగతి. కొత్త హీరో మళ్ళీ డాక్టరే. పైగా పాత్ర పేరు నిరుపమ్. డాక్టర్ బాబుగా చేసినాయన అసలు పేరు నిరుపమ్ పరిటాల అని ఇంటింటికీ తెలుసు. కథలో పోయిన కార్తీక్‌గా చేసినాయన పేరుతో, అదే డాక్టర్ ఉద్యోగంతో ఇంకొకరిని తెచ్చి, ఈయన్ని కూడా అంతే ఇష్టపడండి అంటే మానస్‌కి ఏం న్యాయం జరిగినట్టు? ఆ అబ్బాయి ఏ సీనులో నిలబడ్డా జనం పక్కన కార్తీక్‌ని నిలబెట్టి చూశారు.

ప్రేక్షకులకి కొత్తవాళ్ళంటే పడదని కొందరు తేలిగ్గా తీసేస్తారు. ఒప్పుకోను. ఆటో వారణాసిని ఎవరు కాదన్నారు? అక్కా అక్కా అంటూ దీప వెంట తిరిగిన ఆ అబ్బాయి ఒక రోజు కనపడకపోతే అడిగేవాళ్ళం. మోనిత ఇంట్లో పనిచేసే ప్రియమణి వచ్చిందంటే మా అత్తయ్య ముఖం విచ్చుకునేది. మోనితకి ఎదురు మాట చెప్పగలిగింది ఆ పిల్లే. వీళ్ళు ఎవరినీ తోసేసి రాలేదు. వారణాసి వచ్చాక దీప ఒంటరితనం ఇంకా బాగా తెలిసింది, ప్రియమణి వచ్చాక మోనిత లోపలి భయం బయటపడింది. కూరలో పోపు పడ్డట్టు కలిశారు.

తరం మార్చడం కూడా కుదరని పనేం కాదు. స్టార్ ప్లస్‌లో 2009లో మొదలైన యే రిష్తా క్యా కెహలాతా హై చూడండి. 2016లో కూతురు నాయరాని పెద్దదాన్ని చేసి తెచ్చారు. అప్పటికి తల్లి అక్షర ఇంట్లోనే ఉంది. కొన్ని నెలలపాటు తల్లీ కూతుళ్ళు అలిగారు, కొట్లాడుకున్నారు, దగ్గరయ్యారు. మనం ఆ కొత్త ముఖాన్ని అక్షర కళ్ళతో చూశాం. ఆ తర్వాతే అక్షరని పంపేశారు. హైదరాబాద్‌లో ఉండే మా తోడికోడలు ఇప్పటికీ ఆ సీరియల్ వదల్లేదు. ఇక్కడా అలా చేయొచ్చు. దీప బతికుండగానే పిల్లల్ని పెద్ద చేసి, ఆటో నడుపుతానన్న శౌర్యని దీప వద్దన్న సీను ఒక్కటి పెట్టి ఉంటే, జ్వాల మా పిల్ల అయ్యేది.

ఆ నెలల్లో మిగిలిన ఆసరా సౌందర్యమ్మ ఒక్కతే. అర్చన అనంత్ పోయిన కొడుకు కోడళ్ళ ఫోటో ముందు నిలబడితే మాత్రం సీరియల్ మళ్ళీ పాత సీరియల్‌లా ఉండేది. ఆవిడ ఉన్న సీన్లు వదలకండి.

ఆరు నెలలు తిరక్కుండానే దీపని మళ్ళీ తెచ్చారు. దీప బతికే ఉంది, డాక్టర్ బాబు గతం మర్చిపోయాడు, మోనిత ఆయన్ని తన మొగుణ్ణి అంటోంది. ఆ రోజు మా దగ్గర జనం మళ్ళీ ఆగారు. నాకు సంతోషంతో పాటు బాధ కూడా వేసింది. అంత హడావుడిగా తెచ్చిన ఆ నలుగురి కథనీ మధ్యలో వదిలేశారు. హిమ ప్రేమ ఏమైంది, ప్రేమ్ ఏమయ్యాడు అనేదానికి సరైన ముగింపు లేదు. పాతవాళ్ళని పొమ్మన్నప్పుడు మా మాట వినలేదు. కొత్తవాళ్ళని పంపేటప్పుడు వాళ్ళని ఇష్టపడ్డ కొద్దిమందినీ పట్టించుకోలేదు. ఆ కొద్దిమందిలో మా చిన్నమ్మాయి ఉంది, దానికి జ్వాల అంటే ప్రాణం.

మార్కులు వేయమంటే ప్రమాదం దాకా ఉన్న కథకి ఐదుకి నాలుగున్నర. కొత్త తరం నెలలకి ఒకటిన్నర, అదీ కీర్తి, అర్చన కోసం. దీప తిరిగొచ్చాక మూడు. మోనితగా శోభా శెట్టి చివరిదాకా ఒక్క మెట్టు కూడా దిగలేదు.

2024 మార్చి 25న మొదలైన రెండో కార్తీక దీపం వేరే కథ, అదే జంట. అందులో జ్యోత్స్న కొత్త మనిషే. మొదటి నుంచీ కథ ముడి ఆవిడ చేతిలోనే ఉంది. దీప పుట్టిన ఇంట్లో దీప స్థానంలో పెరిగిన పిల్ల, కార్తీక్‌ని మరదలి హక్కుతో కోరుకునే పిల్ల. ఆవిడ లేకపోతే ఆ కథే లేదు. అందుకే జనం ఆవిడని తిడుతూనే రోజూ చూస్తున్నారు. మా షాపులో మోనిత స్థానం ఇప్పుడు జ్యోత్స్నది.

మొదటిది చూడబోయేవాళ్ళు కారు ప్రమాదం దాకా ఏదీ దాటకండి, ముఖ్యంగా పిల్లలిద్దరూ అక్కచెల్లెళ్ళని తెలియకుండా స్నేహం చేసే భాగం. పిల్లలు పెద్దవాళ్ళయిన చోట నుంచి సౌందర్యమ్మ సీన్లు మాత్రం చూసుకుంటూ, దీప కళ్ళు తెరిచే ఎపిసోడ్ దగ్గర మళ్ళీ కుదురుగా కూర్చోండి.