బి టైప్ ఆక్సిజన్ సిలిండర్: మూడేళ్లు వాడాక

నాయనకు సీఓపీడీ, అంటే ఊపిరి సరిగా ఆడనివ్వని దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు. కావలిలో మా ఇంట్లో గాలి నుంచి ఆక్సిజన్ తీసిచ్చే కరెంటు మిషను, కాన్సన్‌ట్రేటర్ ఉంది గానీ, కరెంటు పోయినప్పుడూ, నెల్లూరు ఆసుపత్రికి కారులో తీసుకెళ్లేటప్పుడూ సిలిండర్ తప్పదు. అందుకే మూడేళ్ల కిందట పది లీటర్ల బి టైప్‌ది కొన్నాం. స్టీలుది, ఒంటిచేత్తో ఎత్తాలంటే నడుం పట్టేస్తుంది. ఆ బరువు తప్ప సిలిండర్‌కు వంక పెట్టలేను. తలనొప్పంతా నింపించుకోవడంలోనే.

మొదట్లో దగ్గరని ఒక చోట నింపించేవాణ్ణి. చిటికెలో నింపి ఇచ్చేసేవాళ్లు, ప్రెషర్ మీటరు ముల్లు 150 బార్ (ప్రెషర్ కొలత) మీద ఉండేది. ఇంటికి తెచ్చి రాత్రి చూస్తే 135. లీకేమోనని రెండుసార్లు వాషరు మార్చాను. అసలు సంగతి తర్వాత తెలిసింది. గబగబా నింపితే లోపల గ్యాసు వేడెక్కి ప్రెషర్ ఎక్కువ చూపిస్తుంది, చల్లారాక దిగిపోతుంది. పది లీటర్ల సిలిండర్‌లో 150 బార్ ఉంటే, బయటికొచ్చే గ్యాసు సుమారు 1500 లీటర్లు, నిమిషానికి 2 లీటర్ల చొప్పున పన్నెండున్నర గంటలు. 135కి పదకొండుంబావే. కరెంటు లేని రాత్రి ఆ గంటంబావు కోసం ఎంత టెన్షన్ పడ్డామో!

ఆ చోటు మానేసింది మాత్రం ఇంకో కారణానికి. వాల్వు బిగుసుకుందని అక్కడి కుర్రాడు గ్రీజు డబ్బా తీశాడు. గట్టిగా అరిచాను. అంత ప్రెషర్‌లో ఉన్న ఆక్సిజన్‌కు గ్రీజు, నూనె తగిలితే నిప్పు చూపించకుండానే అంటుకోవచ్చు. ఇంట్లో కూడా అంతే, తలకు కొబ్బరినూనె రాసుకున్న చేత్తో అమ్మను రెగ్యులేటర్ ముట్టనివ్వను.

ఇప్పుడు నెల్లూరులో నింపిస్తున్నా. అరపూట పోతుంది. ముందు సిలిండర్ మీద గుద్దిన, ప్రెషర్ తట్టుకుంటుందో లేదో చూసిన టెస్టు తేదీ చూస్తారు, ఐదేళ్లు దాటితే నింపరు. నెమ్మదిగా ఎక్కిస్తారు. పూర్తిగా ఖాళీ చేసి తేవద్దనీ, కొంచెం ప్రెషర్ ఉంచితే బయటి తేమ లోపలికి పోదనీ చెప్పింది వాళ్లే. మా బావ కొడుకు చిన్న విమానాలు నడపడం నేర్చుకుంటున్నాడు. వాళ్ల సిలిండర్లలో తేమ అసలు ఉండకూడదట, పైన చలికి గడ్డకట్టి గ్యాసు దారి మూసుకుపోతుందట. మేమేమో నాయన ముక్కు ఎండిపోకుండా బాటిల్లో నీళ్లు పోసి మరీ తేమ కలుపుతాం.

తెచ్చేటప్పుడు వెనక సీటుకు తాడుతో కట్టేసి, అద్దాలు కాస్త దించుతాను. ఎండాకాలం దారిలో టీకి కూడా ఆగను.

పోయిన నెల వాల్వు మళ్లీ బిగుసుకుంది. ఈసారి వాల్వే మార్పించాను.