ఉడుము పిల్ల సాధువుగా ఉందని మురిసిపోయి కొనకండి

ఉడుము పిల్లను కొనాలని చూస్తున్నవాళ్లు డబ్బు పంపేముందు ఒక్కసారి ఇది చదవండి. నేను తెచ్చుకున్న సవానా ఉడుము (ఇది ఆఫ్రికా జాతి) పిల్ల పదకొండో రోజున చచ్చిపోయింది. అమ్మినవాడు చెప్పిన అబద్ధాలున్నాయి, నేను చేసిన తెలివితక్కువ పనులూ ఉన్నాయి. రెండూ చెప్తాను.

అతను పంపిన ఫొటోలో పిల్ల అరచేతిలో పడుకుని ఉంది. కళ్లు సగం మూసి, గడ్డం వేలి మీద ఆనించుకుని. "ఫార్మ్‌లో పుట్టింది, చేతికి బాగా అలవాటు, కొత్తగా పెంచేవాళ్లకి ఇంతకంటే మంచిది దొరకదు" అన్నాడు. ఇంటికొచ్చాక కూడా అలాగే ఉంది. చెయ్యి పెడితే పారిపోలేదు, బుస కొట్టలేదు. చొక్కా మీద ఉంచితే మెల్లగా జారిపోయేది. ఉడుంపట్టు అని ఊరికే అనలేదు కదా పెద్దలు, ఆ ఉడుము గుడ్డను కూడా పట్టుకోలేకపోతుంటే అక్కడే నాకు అనుమానం రావాలి. రాలేదు సరికదా, ఎంత సాధువో చూడండని తెలిసినవాళ్లందరికీ వీడియోలు పంపాను.

ఆరోగ్యంగా ఉన్న ఉడుము పిల్లకి మనిషంటే ప్రాణభయం. అంత చిన్నదాన్ని పక్షి తింటుంది, పాము తింటుంది. అందుకని మనం కనిపించగానే ఒళ్లు ఉబ్బిస్తుంది, బుస కొడుతుంది, తోక ఝాడిస్తుంది, లేదా క్షణంలో మట్టిలోకి మాయమవుతుంది. కొన్న మొదటి వారాల్లో మీకు కనపడకుండా తిరిగే పిల్లే మంచి పిల్ల. చేతిలో కదలకుండా పడుకుందంటే ఒళ్లు చల్లబడిపోయి ఉండాలి, నీరు తగ్గిపోయి ఉండాలి, జబ్బు చేసి ఉండాలి. అది మచ్చిక కాదు, నీరసం.

తెచ్చిన రోజు కిచెన్ త్రాసులో 31 గ్రాములు తూగింది. తొమ్మిదో రోజుకి 26. అప్పుడు పరుగెత్తాను సరీసృపాలు చూసే డాక్టర్ దగ్గరికి. (ముందు డాక్టర్ని వెతుక్కుని తర్వాత పిల్లను తెచ్చుకోండి. కుక్కల్నీ పిల్లుల్నీ చూసేవాళ్లందరూ వీటిని చూడరు.) ఆవిడ దాన్ని లైటు కిందికి తిప్పి నాకు చూపించారు. కళ్లు లోపలికి పోయాయి. పక్క చర్మాన్ని వేళ్లతో లాగి వదిలితే ముడత అలాగే నిలబడింది. తోక మొదట్లో కండ లేదు, తుంటి ఎముకలు పొడుచుకొచ్చాయి. వెనక కాలి వేళ్లకి పాత కుబుసం ఎండి, దారం చుట్టినట్టు బిగుసుకుపోయింది. రెండు వేళ్ల కొసలు అప్పటికే నల్లబడ్డాయి. ఇవన్నీ నేను రోజూ చూస్తున్న పిల్ల మీదే ఉన్నాయి. చనిపోయాక కోసి చూస్తే కిడ్నీల్లో యూరిక్ యాసిడ్ తెల్లగా పేరుకుని ఉంది, పేగుల నిండా పురుగులు. పదకొండు రోజుల్లో వచ్చిన జబ్బు కాదిది, చాలా రోజులుగా ఒంట్లో నీరు లేకనే ఇలా అయిందన్నారు.

ఫార్మ్ అనే మాట సంగతి కూడా చెప్పాలి. పెంపకానికి అమ్మే సవానా ఉడుముల్లో ఎక్కువ భాగం పశ్చిమ ఆఫ్రికా నుంచి వస్తాయి: ఘానా, టోగో, బెనిన్. అడవిలోనో పొలాల్లోనో తవ్వి తీసిన గుడ్లనో, పట్టుకొచ్చిన గర్భంతో ఉన్న ఆడవాటి గుడ్లనో పొదిగించి, పిల్లల్ని ఫార్మ్ పేరుతో ఎగుమతి చేస్తారు. తల్లీతండ్రీ తన దగ్గరే ఉన్నాయని ఎవరైనా అంటే చూపించమనండి. నేను అడగలేదు.

ఇక నా వంతు. గాజు పెట్టె, పైన జాలీ మూత, అడుగున పల్చగా పొడి ఇసుక, ఒక హీట్ రాక్ (కరెంటుతో వేడెక్కే రాయి). ఇదంతా అమ్మినవాడే సెట్‌గా అంటగట్టాడు. జాలీలోంచి తేమంతా ఎగిరిపోతుంది. హీట్ రాక్ అయితే పొట్ట కాలిపోతున్నా పిల్లకి సమయానికి తెలియదు. ఎండ కాచుకునే చోటు 35 డిగ్రీలుంటే చాలన్నాడు. నిజానికి వేడినిచ్చే దీపం కింద రాతి మీద వేడి 55 డిగ్రీల దగ్గర ఉండాలి, చల్లని మూల 26, 27లో ఉండాలి. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో కొలిస్తే నా పెట్టెలో అన్నిటికంటే వేడి చోటు 34. ఆ వేడికి తిన్నది అరగదు. పైగా వారానికి రెండు ఎలుక పిల్లల్ని పెట్టమన్నాడు, పెట్టాను. మర్నాడు వాంతి, ఆ వాసన ఇప్పటికీ గుర్తుంది. సవానా ఉడుము ప్రధానంగా పురుగుల్ని తిని బతికే జంతువు. పిల్లకి రోజూ కీచురాళ్లు, పెంపకపు బొద్దింకలు, వాటి మీద కాల్షియం పొడి. ఎలుకలతో పెంచితే ఒళ్లు కొవ్వు పట్టి, లివర్ పాడవుతుంది.

అన్నిటికంటే ముఖ్యం మట్టి. పిల్లకి కనీసం అడుగు లోతున, పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టేంత తడిగా ఉండాలి. అది తవ్వుకున్న బొరియలోని తేమే దాని ఒంట్లో నీటిని కాపాడేది. నీళ్ల గిన్నె ఉంది కదా అని నేను ధీమాగా ఉన్నాను. ఇంకోటి, ఇది జానెడు పిల్లగా ఉండిపోదు. మూడు నాలుగు అడుగులు పెరుగుతుంది. అప్పుడు ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు పెట్టె కావాలి. ఆ చోటు లేకపోతే ఆలోచన మానుకోండి. ముట్టుకున్న ప్రతిసారీ చేతులు కడుక్కోండి, సాల్మొనెల్లా అనే, జబ్బు తెచ్చే బ్యాక్టీరియా ఉంటుంది.

కొనాలనే ఉంటే ఫొటో కాదు, వీడియో అడగండి: బతికున్న పురుగుని వెంటాడి తింటున్నది, కాలి వేళ్లు దగ్గరగా కనపడేది. కాగితాలు కూడా అడగండి. ఉడుము జాతులన్నీ సైటిస్ (అడవి జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) కిందే ఉన్నాయి, బెంగాల్ ఉడుమైతే అందులో అన్నిటికంటే కఠినమైన అపెండిక్స్ 1లో ఉంది. మీ దేశపు చట్టం అసలు పెంచుకోనివ్వకపోతే ఎంత ముద్దొచ్చినా దాని జోలికి పోకండి.

డాక్టర్ రిపోర్టు పంపితే అతను "మీ పెట్టెలో వేడి సరిపోలేదు" అని ఒక్క ముక్క రాసి నన్ను బ్లాక్ చేశాడు. నిన్న ఇంకో నంబర్ నుంచి చూస్తే కొత్త ప్రకటన పెట్టాడు. వేరే పిల్ల, అదే అరచెయ్యి, సగం మూసిన కళ్లు. ఫొటో పెద్దది చేసి వెనక కాలు చూశాను. మూడు వేళ్లకి కుబుసం చుట్టుకుని ఉంది.