పంచాయతీ లెక్కలు ఫోన్లనే చూస్కోవచ్చు: ఈగ్రామ్ స్వరాజ్, ఆడిట్ ఆన్‌లైన్ రివ్యూ

హనుమకొండల, వరంగల్‌ల ఉంటూ ఊరి సంగతులు పట్టించుకునేటోళ్లు ఈ రెండు సైట్లు తప్పకుండా చూడున్రి. రెండూ కేంద్ర పంచాయతీరాజ్ శాఖవే, 2020 ఏప్రిల్ల మొదలైనయ్, పైసా ఖర్చు లేదు, లెక్కలు చూసుడుకు లాగిన్ గిట్ల ఏం అడగదు. ఊరికి ఎన్ని పైసలొచ్చినయ్, ఎవరికి పోయినయ్ అని ఛాయ్ హోటల్ కాడ కొట్లాడుడు మస్తుగ చూసినం, గా లెక్క నిజంగ కనబడే జాగ ఒకటుందని చాలామందికి తెల్వదు, అందుకే ఇంత పొడుగు రాస్తున్న.

ముందు ఈగ్రామ్ స్వరాజ్. సంవత్సరం, రాష్ట్రం, జిల్లా, మండలం, పంచాయతీ ఎంచుకుంటే ఆ ఏడాది ప్లాన్‌ల ఏ పనులు పెట్టిన్రు, ఏ పథకం కింద ఎంత జమైంది, ఎంత ఖర్చైంది అన్నీ ఒస్తయ్. పాత వరంగల్ జిల్లా ఇప్పుడు ఆరేడు ముక్కలైంది కదా, మీ ఊరు ఇప్పుడు ఏ జిల్లాల ఉందో చూసి ఎంచుకోవాలె. వెంకటాపూర్, రాంపూర్ అసొంటి పేర్లు మండలానికి ఒకటుంటయ్ కాబట్టి పంచాయతీకి ఇచ్చిన ఎల్జీడీ కోడ్ (ప్రతి పంచాయతీకి సర్కారు ఇచ్చే నంబర్) ఒక్కసారి రాసిపెట్టుకుంటే తిప్పలుండదు.

జమల కాడ ఒక్కటి యాదికుంచుకోవాలె. 2021-26 మధ్య 15వ ఫైనాన్స్ కమిషన్ కింద కేంద్రం ఇచ్చిన పైసలల్ల 60 శాతం తాగునీళ్లు, పారిశుధ్యానికే పెట్టాల్సి ఉండె, మిగిలిన 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి పెట్టుకోవచ్చు గని జీతాలకు వాడొద్దని ఉండె. మోరీల పనికి రాసిన పైసలు ఏ పద్దుల నుంచి పోయినయో దీంతోని అర్థమైతది. ఇంకోటి, 2024 ఫిబ్రవరి నుంచి మన దగ్గర సర్పంచులు లేక స్పెషల్ ఆఫీసర్లే నడిపిన్రు, ఎన్నికలు 2025 డిసెంబర్ల అయినయ్, పాలకవర్గం లేకుంటే ఆ నిధులు ఆగిపోతయ్. గందుకే ఆ రెండేండ్ల జమలు ఖాళీగ కనబడితే ఎవరో మింగిన్రని ఊకనే లొల్లి పెట్టకున్రి.

అసలు సరుకు, అంటే ఆడిట్ రిపోర్టులు, ఆడిట్ ఆన్‌లైన్ల ఉన్నయ్. పంచాయతీల ఆడిట్ మన రాష్ట్ర ఆడిట్ శాఖ చేస్తది, అది ఆర్థిక శాఖ కింద ఉంటది, అంటే పంచాయతీని నడిపే శాఖ వేరు, లెక్క చూసే శాఖ వేరు, నాకు అన్నిటికంటే నచ్చింది గిదే. మండల పరిషత్తులు, మున్సిపాలిటీలు, మార్కెట్ కమిటీల లెక్కలు కూడా వీళ్లే చూస్తరు. వాళ్లకు తేడా కనబడితే పేరా (అంటే అభ్యంతరం) రాస్తరు, పంచాయతీ దానికి జవాబియ్యాలె, జవాబు సరిపోతే పేరా డ్రాప్ అయితది, లేకుంటే అట్లనే పెండింగ్ ఉంటది. మామూలుగ ఒచ్చే పేరాలు ఏందంటే వోచర్ చూపియ్యలేదు, ఎం.బి. (పని కొలతలు రాసే మెజర్‌మెంట్ బుక్కు) చూపియ్యలేదు, బిల్లుల ఒక శాతం లేబర్ సెస్ కొయ్యలేదు, ఇంటి పన్ను బకాయి వసూలు చెయ్యలేదు, ఇసొంటివి.

మా ఊరి రిపోర్టుల నన్ను పట్టుకున్నది మాత్రం లైబ్రరీ సెస్ పేరా. మనం కట్టే ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్ ఉంటది, అది వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు కట్టాలె. మా దగ్గర వసూలైతే అయింది, కట్టినట్టు చలాన్ లేదని ఆడిటర్ సాఫ్ రాసిండు. మొత్తం పెద్దదేం కాదు, గని మండలం లైబ్రరీల గ్రూప్స్, కానిస్టేబుల్ పరీక్షలకు చదివే పోరగాండ్లు కుర్చీలు చాలక మెట్ల మీద కూసుంటున్రు, గా పైసలు వాళ్లయే కదా. గ్రామసభల ఆ పేజీ ప్రింట్ తీసి సెక్రెటరీ ముందల పెట్టి "సార్, ఈ పేరాకు జవాబు పంపిన్రా" అని అడిగితే ఆయన నేను రాకముందుది అన్నడు. పక్కన కూసున్న మా కాక "నువ్వు రాకముందుదైతే మేం కట్టిన పన్ను కూడా నువ్వు రాకముందుదే గదా బిడ్డా" అన్నడు, దాంతోని సభ మొత్తం ఆ ముచ్చట మీదికి ఒచ్చింది, జవాబు పంపుతమని మినిట్స్ బుక్కుల రాయించినం.

ఇగ లోపాలు. పేజీ తెలుగుల పెట్టుకున్నా ఆఫీసోళ్లు టైప్ చేసిన పనుల పేర్లు ఇంగ్లీషులనే ఉంటయ్, మా కాక అసొంటోళ్లకు ఎవలో ఒకలు చదివి చెప్పాలె. ఆడిట్ ఏడాది గడిచినంక జరుగుతది కాబట్టి పేరా బయటికొచ్చేసరికి సంతకం పెట్టినోళ్లు మారిపోతరు. అన్నిటికంటే పెద్ద లోపం, మోరీకి ఇంత ఇచ్చిన్రు అని కనబడతది గని ఎన్ని మీటర్లు కట్టిన్రో ఈ లెక్కలల్ల తెల్వదు, అది ఇంజినీర్ రాసే ఎం.బి.ల ఉంటది. దానికి ఆర్టీఐ పెట్టుడే దారి, పంచాయతీల అప్లికేషన్ ఇస్తే ఫీజు లేదు, మండల ఆఫీసుల అయితే 5 రూపాయలు, 30 రోజులల్ల జవాబియ్యాలె. ఎం.బి. కాపీ చేతికొచ్చినంక టేప్ పట్టుకొని మోరీ కొలుసుకోవచ్చు, ఉపాధి పనుల సోషల్ ఆడిట్ల గుంతలు కొలిచినట్టే.

గ్రామసభ రెండు నెలలకోసారి పెట్టాలని మన 2018 పంచాయతీరాజ్ చట్టమే చెప్తుంది, పోయేముందు మీ ఊరి పేరాలు ఒక్కసారి చదువుకొని పోన్రి. నేను ఐదుకు నాలుగు స్టార్లు ఇస్తున్న, ప్రతి పనికి ఎం.బి. స్కాన్ కాపీ కూడా పెడితే ఐదోది ఇస్త.