లిమిటెడ్ ఎడిషన్ పెన్ను, దొరకని మూత

ఇది ఒక జపాన్ కంపెనీ కొన్నే చేసి, ఒంటి మీద నంబరు చెక్కి అమ్మిన ముదురు నీలం పెన్ను. బంగారు పాళీ, లోపల సిరా పీల్చి నింపుకునే కన్వర్టరు అందరికీ తెలిసినవే. నేను చెప్పాల్సింది మూత గురించి.

మాది పర్లాకిమిడి. కొట్లో బేరం ఒడియాలో, ఖాతా తెలుగులో. జపాన్ ఫైన్ (సన్న రాత) పాళీ యూరప్ ఫైన్ కంటే సన్నం కాబట్టి ఘ, ఝ లాంటి అక్షరాలు సిరాతో పూడిపోకుండా వచ్చేవి. అంతకన్నా గొప్ప సంగతి, మా ఎండల్లో కూడా పాళీ ఆరిపోయేది కాదు. మూత లోపల ఇంకో చిన్న మూత ఉంటుంది. బిగించగానే అది పాళీ చుట్టూ గాలి ఆడకుండా మూసేస్తుంది. వారాల తరబడి బీరువాలో ఉంచినా మొదటి అక్షరం నుంచే రాసేది. మే నెలలో మాత్రం సిరా కాస్త చిక్కబడేది, అది వేరే మాట.

ఒకరోజు మూత అంచున వెంట్రుకంత గీత కనిపించింది. పెన్ను ఎప్పుడూ కింద పడింది లేదు. ఆ గీత మరల దాకా పాకింది. ఇక రోజూ పొద్దున్నే పాళీని నీళ్లలో ముంచితే గాని రాయదు. అమ్మినవాళ్లకు రాస్తే ఆ ఎడిషన్ మూతలు అయిపోయాయి, కావాలంటే మామూలు నల్ల మూత పంపుతామన్నారు. నంబరు మీద మోజు నాకూ ఉంది. దండి యాత్ర 241 మైళ్లని 2009లో మోంట్‌బ్లాంక్ గాంధీజీ పేరిట 241 పెన్నులు చేస్తే ఆ లెక్క భలే నచ్చింది. కానీ ఎన్ని చేస్తున్నారో ముందే తెలిసినవాళ్లు నాలుగు మూతలు ఎక్కువ చేసి దాచలేరా? ఆ కోపం ఇంకా తగ్గలేదు.

తర్వాత వేరే పని మీద పలాసలో రైలెక్కి రాజమండ్రి వెళ్లాను. 1935లో గాంధీజీ మెచ్చి ఉత్తరం రాసిన రత్నం పెన్నుల ఊరది. అక్కడ లేత్ మీద ఎబొనైట్ (గంధకం కలిపి గట్టిపరిచిన రబ్బరు) పెన్నులు చేసే ఒకాయనకు ఇది చూపించాను. ఆయన మరను వేలితో తడిమి, "ఇది ఒంటి మర కాదండీ, మూడు చుట్లు పక్కపక్కనే నడుస్తున్నాయి. నా పనిముట్లకు పట్టదు. తోసి పెట్టే మూత చేసిస్తా, తీసుకెళ్తారా?" అన్నారు. నల్ల ఎబొనైట్ కడ్డీ కోసి, తొలిచి, పాళీకి తగలకుండా కొలిచి కొలిచి చేశారు. అదీ నల్లదే, కానీ నా పెన్ను కోసమే చేసింది. గంధకం వాసన కొద్దిగా ఉండేది, తర్వాత పోయింది.

ఇప్పుడు వారం వరకూ పాళీ ఆరదు. పాత మూతంత కాదు. క్లిప్పు లేదు కనుక జేబులో పెట్టలేను.

బీరువాలో దాచుకునేవాళ్లకు ఈ పెన్ను వద్దనను. నాలాగా రోజూ రాసేవాళ్లు, రిపేరుకి రైలెక్కాల్సినవాళ్లు మాత్రం కొనేముందు విడి మూత దొరుకుతుందా అని రాతపూర్వకంగా అడగండి. నాకైతే పాళీ మీద ఇష్టం పోలేదు, అందుకే అమ్మబుద్ధి కావడం లేదు.