గబార్రా చూడడానికి బిల్బావో వెళ్తే

డబ్బు కట్టి రెండున్నర నెలల ముందే ఖరారు చేసుకున్న గదిని, ప్రయాణానికి మూడు రోజుల ముందు రద్దు చేసిన ఆ బస యజమానిపై నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు.

2024 జనవరి 24న స్పెయిన్ ఫుట్‌బాల్ కప్పు కోపా దెల్ రే క్వార్టర్ ఫైనల్‌లో బిల్బావో జట్టు అథ్లెటిక్ క్లబ్ అదనపు సమయంలో బార్సిలోనాను 4-2తో ఓడించింది. ఆఫ్రికా కప్‌లో ఘనా తరఫున ఆడి అప్పుడే తిరిగివచ్చిన ఇన్యాకి విలియమ్స్ బెంచి మీద నుంచి లేచి వచ్చి మూడో గోల్ కొట్టగా, నాలుగోది అతని తమ్ముడు నికో కొట్టాడు. బిల్బావో ఉన్న బాస్క్ ప్రాంతపు నేల మీద పుట్టినవాళ్లనో, అక్కడ ఆట నేర్చుకున్నవాళ్లనో తప్ప మరెవరినీ తీసుకోని ఈ క్లబ్‌ను సొంత మైదానంలో చూసితీరాలని ఆ రాత్రే నిశ్చయించుకుని, ఏప్రిల్‌లో విల్లారియల్‌తో లీగ్ మ్యాచ్ ఉన్న వారానికి పాత పేటలో ఒక గది తీసుకున్నాను. రాత్రికి 62 యూరోల చొప్పున నాలుగు రాత్రులకు 248 యూరోలు అప్పుడే చెల్లించాను.

సెమీఫైనల్‌లో అట్లెటికో మాడ్రిడ్‌ను రెండు మ్యాచ్‌లలో కలిపి 4-0తో ఓడించిన జట్టు, ఏప్రిల్ 6న సెవిల్లాలో మయోర్కాతో 1-1గా ముగిసిన ఫైనల్‌ను పెనాల్టీలలో 4-2తో గెలిచింది. 1984 తర్వాత ఈ కప్పు రావడం ఇదే మొదటిసారి. గెలిచినప్పుడు గబార్రా అనే సరుకుల పడవపై ఆటగాళ్లను నది వెంట ఊరేగించడం అక్కడి ఆచారం కనుక, ఆ ఊరేగింపు 11న, అంటే మా తమ్ముడూ నేనూ అక్కడ దిగే గురువారమే, అని ప్రకటించారు.

ఎనిమిదో తేదీన, గదిలో నీటి గొట్టం పగిలిందని, బస ఇవ్వలేమని సందేశం వచ్చింది. ఆ సాయంత్రమే అదే గది, అవే ఫొటోలతో, రాత్రికి 230 యూరోలకు అమ్మకానికి కనిపించింది. ఫోన్ చేస్తే, చెప్పిన మాటనే మళ్లీ చెప్పి పెట్టేశారు. బిల్బావోలో మరెక్కడా గది దొరక్క, బస్సులో సుమారు గంట పట్టే వితోరియా నగరంలో రాత్రికి 74 యూరోలకు దిగి, రానుపోనూ ఇద్దరికీ రోజుకు 26 యూరోలు ఖర్చు చేశాము. బార్సిలోనా అభిమాని అయిన మా తమ్ముడు, తన జట్టును ఓడించినవాళ్ల పండుగ కోసం ఇన్ని తిప్పలేమిటని మొదటి రోజంతా ముభావంగానే ఉన్నాడు.

ఊరేగింపును నగరం మధ్యలో కాకుండా, నది సముద్రంలో కలిసే వైపున్న పోర్తుగాలేతే పట్టణంలో చూడడం మేము చేసిన మంచి పని. మెట్రోలో వెళ్లవచ్చు, బారిక్ అనే అక్కడి ప్రయాణ కార్డు ఒక్కటే ఇద్దరికీ సరిపోతుంది. 1893లో కట్టిన వేలాడే వంతెన కిందుగా పడవ సాగింది. మా పక్కనున్న ఒక పెద్దాయన, పటం కట్టించిన తన తండ్రి ఫొటోను రెండు చేతులతో నది వైపు ఎత్తి పట్టుకుని, పడవ మలుపు తిరిగేదాకా దించలేదు. తమ్ముడు మాట్లాడడం మానేసి ఆయననే చూస్తూ ఉండిపోయాడు.

గట్టుకు వెనుక సందులో ఒక చిన్న బార్‌లో భోజనం చేశాము. వంట చేసే ఆవిడ మట్టి మూకుడులో ఆలివ్ నూనె, వెల్లుల్లి, ఎండుమిరప వేసి, బకలావో (ఉప్పులో ఊరిన కాడ్ చేప) ముక్కలను పెట్టి, గరిటె ముట్టించకుండా మూకుడునే రెండు చేతులా గుండ్రంగా ఊపుతూ పోయింది. కొంతసేపటికి నూనె, చేప నుంచి ఊరిన జిగురు కలిసి, చిక్కటి తెల్లటి పులుసులా గడ్డకట్టాయి. దీన్నే పిల్‌పిల్ అంటారు. రొట్టెతో సహా ఇద్దరికీ 34 యూరోలు అయింది. 1984 ఊరేగింపు నాటికి తనకు పదకొండేళ్లని, నాన్న భుజాల మీద కూర్చుని చూశానని ఆవిడ చెప్పింది. మేము వితోరియా నుంచి రావలసి వచ్చిన కారణం విని, లెక్కలో లేని రెండు తోర్తియా (బంగాళాదుంప, గుడ్ల అట్టు) ముక్కలు కాగితంలో చుట్టి బస్సులో తినమని ఇచ్చింది. అవి తిన్నాకే తమ్ముడి ముఖం విచ్చుకుంది.

శుక్ర, శనివారాలు హాయిగా గడిచాయి. ఆదివారం మ్యాచ్ 1-1గా ముగిసింది. టికెట్ ఒక్కొక్కటి 60 యూరోలు.

అప్పుడు వాల్వెర్దె శిక్షణలో ఉన్న ఈ జట్టు ఆ సీజన్‌లో 68 పాయింట్లతో లీగ్‌లో ఐదో స్థానం సాధించి, యూరప్ క్లబ్‌ల పోటీ అయిన యూరోపా లీగ్‌కు అర్హత పొందింది. ఈ జట్టు మ్యాచ్‌లకు బిల్బావో వెళ్లదలచినవారు ముందే డబ్బు కట్టించుకునే చిన్న బసలను నమ్మకండి. వితోరియాలోనే దిగండి. నా 248 యూరోలు, నాలుగు ఉత్తరాలు రాశాక, మే నెలలో తిరిగి వచ్చాయి.