తాతల గుట్టు ఎవరు విప్పుతారు: అవ్వా, పహాణీనా, ఉమ్మి పరీక్షా?

డల్లాస్‌లో ఉండే మా మేనల్లుడు మొన్న ఫోన్ చేశాడు. గొట్టంలో ఉమ్మి పంపితే డీఎన్‌ఏ పరీక్ష ఫలితం వచ్చిందట, వెయ్యికి పైగా చుట్టాలు తేలారట. "మామా, ఇందులో మనోళ్ళెవరో ఒక్కరూ తెలుస్తలేరు. వంశవృక్షం గీయాలంటే అసలు ఏది మేలు?" అని అడిగాడు. నేను మూడేళ్ళుగా మునుగోడు వైపు మా ఊరికీ తహసీల్ ఆఫీసుకూ తిరుగుతున్న మనిషిని కాబట్టి వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ముసలివాళ్ళ నోటి మాట. దీన్ని ముందు పెట్టడానికి కారణం ఒక్కటే. కాగితం ఇంకో ఏడాది ఆగుతుంది, అవ్వ ఆగదు. అయితే "మన వంశం గురించి చెప్పు" అని అడిగితే ఎవరూ ఏమీ చెప్పరు. ఎవరి పెళ్ళి ఎక్కడ జరిగింది, ఎడ్లబండ్లు ఎన్ని పోయాయి, ఎవరు అలిగి అన్నం తినలేదు అని అడగాలి. తేదీలు అడక్కూడదు. "రజాకార్ల గడబిడలనా, తర్వాతనా?", "సాగర్ కట్టుడు మొదలయినంకనా?" అంటే చాలు. రజాకార్లను అణచిన పోలీసు చర్య 1948 సెప్టెంబర్‌లో జరిగింది, నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన 1955 డిసెంబర్‌లో జరిగింది. ఈ రెండింటి నడుమ మా జిల్లా ముసలివాళ్ళ బతుకులో సగం సంగతులు సర్దుకుంటాయి.

ఆడవాళ్ళ పేర్లు దొరికేది కూడా నోటి మాటలోనే. నోటి మాటతో చిక్కల్లా అది ఇంటి పరువును చూసుకుని నడుస్తుంది. మా ఇంట్లో చిన్నప్పటి నుంచి ఒక కథ ఉంది. తెలంగాణ సాయుధ పోరాటం రోజుల్లో తాత సంఘంలో తిరిగాడనీ, మిలిటరీ దిగాక దళం వెంట నల్లమల దాకా పోయాడనీ. ఆ కథ విని పెరిగాం, దాని మీద ఎప్పుడూ అనుమానం రాలేదు.

కులాల కథకులు ఇంకో దారి. మా కాపోళ్ళ గోత్రాలు, ఇంటిపేర్లు పిచ్చకుంట్ల వాళ్ళు చెప్పేవాళ్ళు, ఇప్పుడు వాళ్ళను వంశరాజులు అంటున్నారు. మాదిగలకు డక్కలివాళ్ళు, పద్మశాలీలకు కూనపులివాళ్ళు ఉన్నారు. వినడానికి చెవులకు పండగే కానీ, వాళ్ళు చెప్పేది కులం పుట్టుక, గోత్రం, బిరుదులు. ఏటా గింజలు పెట్టే ఇంటి గుట్టు ఆ ఇంటి వాకిట్లోనే నిలబడి ఎవరు విప్పుతారు?

ఇక కాగితాలు. మా వైపు వంశం వెతికేవాడికి పెద్ద దిక్కు ఖాస్రా పహాణీ అనే భూముల రికార్డు, 1954-55 నాటిది. ఏ సర్వే నంబరు ఎవరి పట్టా, ఎవరు దున్నుతున్నారు, పట్టాదారు తండ్రి పేరేమిటి అన్నీ అందులో ఉంటాయి. అంతకు ముందుకు పోవాలంటే సేత్వార్, అంటే నిజాం కాలపు భూమి సర్వే రిజిస్టర్. పాతవి చాలావరకు ఉర్దూలో ఉంటాయి, సంవత్సరం ఫసలీలో, అంటే పాత రెవెన్యూ లెక్కలో ఉంటుంది. ఫసలీకి 590 కలుపుకుంటే మన లెక్క వస్తుంది, 1364 ఫసలీ అంటే 1954. ఉర్దూ చదివిపెట్టడానికి నాకు రిటైరైన ఒక సారు దొరికాడు. ఆయన ప్రతి పేరునూ రెండుసార్లు చదివి చూసుకుని కానీ నన్ను రాసుకోనివ్వలేదు. ఉర్దూలో చుక్క అటూ ఇటూ అయితే మనిషే మారిపోతాడట.

ఒక హెచ్చరిక. పాత పహాణీ నకలుకు దరఖాస్తు పెట్టినట్టు ఊళ్ళో తెలిసిందంటే మీరు చరిత్ర వెతుకుతున్నారని ఎవడూ నమ్మడు. మా బాబాయి సాయంత్రానికే ఇంటికొచ్చాడు. "ఏ నంబర్ మీద పడ్డవ్ రా?" అని అడిగాడు.

నకలు చేతికొచ్చాక అర్థమైంది ఆయన టెన్షన్ ఎందుకో. మా నాలుగెకరాల చెలక పట్టాదారు గడిలో రెండు పేర్లు ఉన్నాయి. ఒకటి తాతది. రెండోది మేమెవరం ఎన్నడూ వినని పేరు, తండ్రి పేరు మాత్రం ఇద్దరికీ ఒక్కటే. 1970ల పహాణీ చూస్తే తాత ఒక్కడే మిగిలాడు. మధ్యలో విరాసత్, అంటే వారసత్వంగా పట్టా మార్పు, జరిగినట్టు నాకైతే ఏ కాగితమూ దొరకలేదు. మనిషి ఉన్నాడనీ లేకుండా పోయాడనీ కాగితం చెప్పింది. ఎందుకు పోయాడో చెప్పే గడి పహాణీలో లేదు.

ఇంకో సంగతి అప్పుడే తట్టింది. మా ఇంట్లో పోయినవాళ్ళ పేరు మనవలకు పెట్టడం ఆనవాయితీ. తాత పేరు ముగ్గురికుంది. ఈ పేరు ఒక్కడికీ లేదు.

జిరాక్సు పట్టుకుని తాత చెల్లెలి దగ్గరికి పోయాను. ఆమెకు ఎనభై దాటాయి, చదువు రాదు. పేరు చదివి వినిపించాను. చాలాసేపు కొంగుతో కళ్ళజోడు తుడుచుకుంది. "కాయితంల ఉన్నదా మా పెద్దన్న పేరు?" అంది. అదే ఆరేళ్ళ కిందట "తాతకు అన్నదమ్ములున్నరా అవ్వా?" అని అడిగితే "లేరు బిడ్డా" అన్న మనిషే.

దళంలో తిరిగింది ఆ పెద్దన్నేనని అప్పుడు చెప్పింది. మా తాత ఆ ఐదేళ్ళూ ఇంటికాడ నాగలి దున్నాడు. సాగర్ పనులు మొదలైన ఏడు పెద్దాయన అమ్రాబాద్ వైపు నుంచి ఒకామెను వెంట పెట్టుకుని వచ్చాడు, కులం వేరు. ముత్తాత తలుపు తీయలేదు. రెండు రాత్రులు పశువుల కొట్టంలో పడుకుని ఇద్దరూ బొంబాయి పోయారు. తర్వాత ఒకసారి మనియార్డర్ వస్తే ముత్తాత వాపసు పంపాడు. ఆ తర్వాత ఆయన కథ ఇంట్లో ఉండిపోయింది, మనిషి మారాడు.

ఆ రోజుల్లో తెలంగాణ నుంచి బొంబాయి పోవడం కొత్త కాదు. కామాటిపురకు ఆ పేరు వచ్చిందే మనవైపు నుంచి పోయిన కామాటి కూలీల వల్ల. అంతమందిలో ఒక్క మనిషిని ఏ రిజిస్టర్లో వెతకాలి?

ఇక్కడే ఉమ్మి పరీక్ష లెక్కలోకి వస్తుంది. లేకపోతే నేను దాన్ని పట్టించుకునేవాణ్ణి కాదు. పెద్దాయన మనవలు నాకు అన్నదమ్ముల వరస. మా నాన్నలు పెదనాన్న చిన్నాన్నల పిల్లలు కాబట్టి మా మధ్య డీఎన్‌ఏ సగటున 3 శాతం కలవాలి. తర్వాతి తరానికి 1 శాతం లోపుకు దిగుతుంది, వాళ్ళలో దాదాపు పదిలో ఒక జంటకు పరీక్షకు అందేంత పోలికే ఉండదు. అయినా కలిసే అవకాశమే ఎక్కువ. కానీ అటువాళ్ళు కూడా ఆ కంపెనీకే ఉమ్మి పంపి ఉండాలి.

మేనల్లుడికి వెయ్యిమంది తేలారంటే దానికి కారణం వేరే. హైదరాబాద్ హబ్సిగూడలోని జన్యు పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు హార్వర్డ్ వాళ్ళతో కలిసి 2009లో ఒక పరిశోధన ప్రచురించారు. మన దేశంలో చాలా కులాలు తరతరాలుగా లోలోపలే పెళ్ళిళ్ళు చేసుకోవడం వల్ల జన్యువుల్లో ఆ గుర్తు బలంగా ఉందని అందులో తేలింది. దాని మీద మన మేనరికాలు ఒకటి. అందుకే పది తరాల కిందట విడిపోయినవాడు కూడా పరీక్షలో మూడో నాలుగో తరం చుట్టంలా కనిపిస్తాడు. ఆ దూరాల లెక్క మన దగ్గర పట్టుకుంటే గోదారే.

కాబట్టి మేనల్లుడికి నేను చెప్పిన వరస ఇది: అవ్వ, పహాణీ, పహాణీ పట్టుకుని మళ్ళీ అవ్వ. రెండోసారి పోవడం అస్సలు మానొద్దు. మొదటిసారి అవ్వ మనకు తెలిసిందే మనకు చెబుతుంది. ఉమ్మి పరీక్షతో వంశవృక్షం గీయడం కుదరదు. గీసిన చెట్టులో ఒక కొమ్మ తెగి ఉంటే, అది ఎక్కడ చిగురించిందో చూడటానికి పనికొస్తే రావచ్చు.

బాబాయికి ఇదంతా చెప్పాను. "వాళ్ళు దొరికి వాటా అడిగితే?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. మేనల్లుడు ఆ కంపెనీలో పేరుకు బదులు ఉత్త రెండు అక్షరాలు పెట్టుకున్నాడు. వాటిని తీసేసి ఇంటిపేరు, ఊరి పేరు, ముత్తాత పేరు పూర్తిగా రాయమని మాత్రం ఆ రాత్రే ఫోన్ చేసి చెప్పాను.