పప్పన్నమా, గుడ్డా, మీల్‌మేకరా, పొడి డబ్బానా: ప్రోటీన్‌కు ఏది మేలు?

వంద గ్రాములకు ఎంత ప్రోటీన్ అని చూస్తే మీల్‌మేకర్‌కు పోటీయే లేదు. ఎండు మీల్‌మేకర్‌లో సుమారు 52 గ్రాములు, కందిపప్పులో 22, గుడ్డులో 13, బియ్యంలో 8. కానీ ఈ లెక్కలో పప్పును, మీల్‌మేకర్‌ను ఎండుగా తూచాం. నీళ్లు పీల్చుకుని ఉడికాక వంద గ్రాముల ముద్దపప్పులో ఉండేది 7 గ్రాములే. పప్పుచారైతే గరిటెకు రెండు గ్రాములు వచ్చినా గొప్పే. "రోజూ పప్పు తింటున్నాం కదా" అనుకునే ఇళ్లలో చాలావరకు తినేది పప్పు నీళ్లే.

అసలు పోలిక ప్రోటీన్‌ను కట్టే ఇటుకలైన అమైనో ఆమ్లాల దగ్గర మొదలవ్వాలి. అవి ఇరవై, అందులో తొమ్మిదింటిని ఒళ్లు తయారు చేసుకోలేదు, తిండి నుంచే రావాలి. కండకే కాదు, హీమోగ్లోబిన్‌కు, ఎంజైములకు, రోగాన్ని ఎదిరించే యాంటీబాడీలకు ముడిసరుకు ఇవే. ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుంచి మెదడులో కబురు మోసే సెరటోనిన్, టైరోసిన్ అనే దాని నుంచి థైరాయిడ్ హార్మోన్లు తయారవుతాయి. ఆ తొమ్మిదిలో ఒక్కటి తక్కువపడినా కొత్త ప్రోటీన్ నిర్మాణం అక్కడికే కుంటుపడుతుంది. వాడకం లేక మిగిలినవాటిని కొవ్వులా దాచుకునే చోటు ఒంట్లో లేదు. వాటిలోని నత్రజనిని కాలేయం యూరియాగా మార్చి మూత్రంలోకి పంపిస్తుంది, మిగతా భాగం ఇంధనంగా ఖర్చవుతుంది.

పప్పన్నం గొప్పదనం ఇక్కడే. బియ్యంలో ఆ తొమ్మిదిలో ఒకటైన లైసిన్ తక్కువ: పెద్దవాళ్లకు గ్రాము ప్రోటీన్‌కు 45 మిల్లీగ్రాములు కావాలి, బియ్యం ఇచ్చేది 37 దాకానే. కందిపప్పులో అది 65కు పైమాటే. పప్పులో తక్కువయ్యే మరొకటి, మెథియోనిన్, బియ్యంలో ఉంది. మూడు పాళ్ల బియ్యానికి ఒక పాలు పప్పు కలిస్తే లైసిన్ 50 దాటుతుంది. దోసె పిండికి మూడు గ్లాసుల బియ్యానికి గ్లాసు మినపప్పు పోయడం సరిగ్గా ఈ పాళ్లే. రెండూ ఒకే ముద్దలో ఉండాలని పట్టింపు లేదు, ఒకే రోజులో అందితే చాలు.

చిక్కల్లా కొలతలో. భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి. పాలు, గుడ్డు బొత్తిగా లేని కంచానికి ఒక గ్రాము అనుకోవడం మంచిది. 0.83 లెక్కన 60 కిలోల మనిషికి 50 గ్రాములన్నమాట. రోజుకు 300 గ్రాముల బియ్యం, 30 గ్రాముల పప్పు, 300 మిల్లీలీటర్ల గేదెపాలో పెరుగో తీసుకుంటే 42 దగ్గర ఆగిపోతాం. బియ్యాన్ని 225కు తగ్గించి, పప్పును 75కు పెంచి, ఒక గుడ్డు చేర్చండి: 51 వస్తుంది. గుడ్డు తినని వాళ్లకు గుప్పెడు, అంటే 30 గ్రాముల వేరుశనగపప్పు ఆ లోటు తీరుస్తుంది.

పప్పు మెత్తగా ఉడకడం ముఖ్యం. పచ్చి పప్పులో ప్రోటీన్ అరుగుదలను అడ్డుకునే పదార్థాలు ఉంటాయి, బాగా ఉడికితేనే అవి పోతాయి. చింతపండు, టమాటా మొదటే వేస్తే పులుపుకు పప్పు గట్టిపడుతుంది, కాబట్టి మెత్తబడ్డాకే వేయాలి. త్వరగా ఉడకాలని సోడా వేస్తే బి1 విటమిన్ నాశనమవుతుంది.

గుడ్డులో ఆ తొమ్మిది అమైనో ఆమ్లాలూ కావలసిన పాళ్లలో ఉన్నాయి, ఎదిగే పిల్లలకు నా ఓటు దానికే. ఒక్కో గుడ్డుకు 6 గ్రాములు. సొన పారేసి తెల్లదే తింటే అందులో రెండున్నర గ్రాములకు పైగా పోతుంది. పచ్చిగుడ్డు పాలలో కొట్టుకుని తాగడం మాత్రం దండగ: ఉడికించినదానిలో తొంభై శాతం దాకా అరిగితే, పచ్చిదానిలో సగమే అరుగుతుంది. పైగా సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా భయం.

మీల్‌మేకర్ నూనె తీసేసిన సోయా పిండితో చేసింది. లైసిన్ పుష్కలం, అన్నానికి సరైన జోడీ. మనిషికి 15 నుంచి 25 గ్రాముల ఎండువి చాలు. ఉప్పు వేసిన వేడినీళ్లలో పది నిమిషాలు ఉంచి, రెండుసార్లు గట్టిగా పిండితే పచ్చివాసనతోపాటు గ్యాస్ తెప్పించే చక్కెరలూ కొంత పోతాయి. థైరాయిడ్ మాత్ర వేసుకునేవారు మాత్రకూ సోయాకూ నాలుగు గంటల ఎడం పాటించాలి.

ఇక పొడి డబ్బా, అంటే వే ప్రోటీన్ పొడి. వే అంటే పాలు విరిచి చీజ్ చేసేటప్పుడు మిగిలే తేట. త్వరగా అరుగుతుంది, కండ నిర్మాణాన్ని కదిలించే లూసిన్ ఇందులో బాగా ఎక్కువ. 30 గ్రాముల చెంచాకు 22 నుంచి 25 గ్రాముల ప్రోటీన్ ఉండాలి. డబ్బా మీద వందకు అరవై కూడా లేకపోతే మీరు కొంటున్నది చాలామటుకు చక్కెర, పిండి పదార్థం. పదార్థాల జాబితాలో గ్లైసిన్, టారిన్ విడిగా కనిపించినా అనుమానించండి. ప్రోటీన్ ఎంతుందో తేల్చే పరీక్షలో నత్రజనిని కొలిచి 6.25తో హెచ్చిస్తారు గనుక, చవక అమైనో ఆమ్లాలు కలిపి అంకె పెంచడం తేలిక. పళ్లు ఊడి, ఆకలి మందగించి, కంచం నిండా తినలేని పెద్దవాళ్లకు ఈ పొడి నిజంగా పనికొస్తుంది. పప్పు, గుడ్డు హాయిగా తినగలిగే కుర్రాడికి అవసరం లేదు; జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు కూడా కండల కోసం ఈ పొడులు వద్దనే చెప్పాయి.

బీసీఏఏ పేరుతో లూసిన్, ఐసోలూసిన్, వేలిన్ మూడే అమ్మే డబ్బాలైతే అసలే వద్దు. మిగతా ఆరూ లేకుండా కండ కట్టదు. ఒక్క అమైనో ఆమ్లం మోతాదు మించితే ఏమవుతుందన్న చర్చ హైదరాబాద్‌లోనే నడిచింది: జొన్నలే ప్రధాన ఆహారమైన పేదల్లో నియాసిన్ (బి3 విటమిన్) లోపంతో వచ్చే పెల్లాగ్రా జబ్బు రావడం చూసి, జొన్నలో అధికంగా ఉండే లూసిన్ ఒంట్లో నియాసిన్ తయారీని చెడగొడుతోందని 1960లో పోషకాహార శాస్త్రవేత్తలు గోపాలన్, శ్రీకాంతయ్య ప్రతిపాదించారు. దాని మీద తర్వాత భిన్నాభిప్రాయాలు వచ్చాయి.

మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు ఈ లెక్కలేవీ పాటించకండి. వాళ్ల కొలత, మూత్రపిండాల పనితీరు తెలిపే రక్తపరీక్ష క్రియాటినిన్ చూసి, డాక్టరే చెప్పాలి.